మీటరు గుడ్డ, అంగుళాల చొక్కా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదక మిత్రులు కోరారు. వేతన సవరణల చరిత్ర, కరువు భత్యం చరిత్ర రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. వాటి జోలికి నేను పోవడం లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్లు, బిల్లుల మధ్య గడిపినవాణ్ణి కనుక కొలతల మీద నాకు కొంచెం పిచ్చి ఉంది. అందుకని మనందరి ఒంటిమీద ఉన్న చొక్కా గురించే రాస్తాను.

ఈనాటికీ పొదిలిలోగాని మార్కాపురంలోగాని బట్టలకొట్టుకు వెళితే గుమాస్తా గుడ్డను మీటరు కడ్డీతో కొలిచి చించుతాడు. అదే గుడ్డ వెడల్పు అడిగితే "36 పన్నా" అనో "58 పన్నా" అనో అంటాడు. అవి అంగుళాలు. ఆ గుడ్డ తీసుకుని దర్జీ దగ్గరకు వెళితే ఆయన టేపు మెడలోంచి తీసి ఛాతీ 38, పొడవు 29, చెయ్యి 9 అని పుస్తకంలో రాసుకుంటాడు. అవీ అంగుళాలే. మెట్రిక్ చట్టం వచ్చి అరవయ్యేళ్ళు దాటింది. సేర్లు, వీశెలు, మణుగులు పోయాయి. కుంచాలు, మానికలు అటకెక్కాయి. గజం కడ్డీ కూడా పోయింది. అంగుళం మాత్రం దర్జీ బల్ల మీద నుంచి కదల్లేదు. ఎందుకు కదల్లేదన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

మొదట మన పాత కొలతల సంగతి చూద్దాం. మనవాళ్ళకు ఒళ్ళే కొలబద్ద. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొస దాకా జాన, మోచేతినుంచి మధ్యవేలి కొస దాకా మూర, రెండు చేతులూ చాస్తే బార. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. పంచె ఎనిమిది మూరలా పది మూరలా అని అడిగి కొనేవారు. పూలకొట్టు దగ్గర మల్లెలు నేటికీ మూర లెక్కనే అమ్ముతున్నారు. ఆ మూర అమ్మే మనిషి చేతినిబట్టి ఉంటుందనేది వేరే సంగతి.

అంగుళం అనే మాట మనదే, వేలు అని అర్థం. మన ప్రాచీన గ్రంథాల్లో 24 అంగుళాలు ఒక హస్తం, అంటే మూర. మూరను నేటి లెక్కలో 18 అంగుళాలుగా చూస్తే పాత అంగుళం ముప్పావు ఇంచి మాత్రమే అవుతుంది. ఇంగ్లీషువారి ఇంచి వచ్చినప్పుడు మనవాళ్ళు కొత్త మాట వెతుక్కోకుండా అంగుళం అనే పాత పేరే దానికి తగిలించారు. గజం కథా ఇలాంటిదే. అది పారసీ మాట. అక్బరు కాలపు ఇలాహీ గజం 41 వేళ్ళు, సుమారు 33 అంగుళాలు. 36 అంగుళాల ఇంగ్లీషు యార్డు వచ్చి ఆ పేరు తీసుకుంది. మన రెండు మూరలకు అది సరిగ్గా సరిపోయింది కనుక జనానికి ఇబ్బంది కలగలేదు. కొత్త కొలత పాత పేరుతో వచ్చింది, పాత లెక్కలో ఇమిడింది. యార్డును మనవాళ్ళు పరాయిదిగా చూడకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. కోరమండల్ తీరాన గుడ్డల వ్యాపారం చేసిన కంపెనీలవారు మన మూరను "కోవిడు" అని రాసుకునేవారు. అది పోర్చుగీసు మాటనుంచి వచ్చింది. 2020లో అందరి నోటా ఆ మాట వినబడినప్పుడు ఇది నాకు గుర్తుకొచ్చింది.

1889లో పొడవు కొలతల చట్టం ఒకటి చేసి ఇంగ్లీషు యార్డునే దేశమంతటికీ ప్రమాణంగా ఖాయం చేశారు. అంతకు ముందే ప్రభుత్వం మెట్రిక్ వైపు ఒకసారి చూసింది. 1870 ప్రాంతంలో లార్డ్ మేయో వైస్రాయిగా ఉన్నప్పుడు దేశం మెట్రిక్‌లోకి మారుతుందనే అంచనాతో చిన్న రైలు మార్గాల వెడల్పును ఒక మీటరుగా నిర్ణయించారు. 1871లో మెట్రిక్ ఆధారమైన చట్టం కూడా చేశారు గాని అది అమలు కాలేదు. చట్టం కాగితం మీద ఉండిపోయింది, రైలు పట్టాలు మాత్రం పడ్డాయి. గుంటూరునుంచి నల్లమల మీదుగా ద్రోణాచలం పోయే లైను ఆ మీటరుగేజిదే. దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు స్టేషన్లన్నీ దాని మీదివే. 1990లలో అది బ్రాడ్‌గేజి అయింది. అంటే మార్కాపురం వైపు జనం మీటరు అనే మాటను బట్టలకొట్టులో వినడానికి దాదాపు డెబ్బయ్యేళ్ళ ముందునుంచే రైలెక్కుతూ విన్నారు. ఆ మాటకు కొలత అని అర్థమున్నట్టు ఎంతమందికి తెలుసో చెప్పలేను.

స్వాతంత్ర్యం వచ్చాక అసలు మార్పు మొదలయింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేశారు. 1958 అక్టోబరునుంచి కొన్ని ప్రాంతాల్లో కిలోలు మొదలై, 1960ల మొదటి సంవత్సరాల్లో మీటరు బట్టలకొట్లకు చేరింది. అప్పటికి నేను బడిపిల్లవాణ్ణి. మా కొనకనమిట్ల వైపువారికి బట్టలకు పొదిలి ఒక దారి, మార్కాపురం ఇంకో దారి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు పొదిలి నెల్లూరు జిల్లాలోనిది, మార్కాపురం కర్నూలు జిల్లాలోనిది. ఆ జిల్లాకు ప్రకాశం పేరు 1972లో వచ్చింది. ఏ జిల్లా కొట్టుకు వెళ్ళినా పెద్దల అనుమానం ఒక్కటే. పేరు మార్చి మన డబ్బు లాగుతున్నారా అని.

ఆ అనుమానం పూర్తిగా తప్పనలేం. గజం 91.44 సెంటీమీటర్లు. మీటరంటే 39.37 అంగుళాలు, గజంకన్నా మూడంగుళాల పైచిలుకు ఎక్కువ. గజం రూపాయి ఉన్న గుడ్డ మీటరుకు రూపాయి తొమ్మిది నయాపైసలు ఉండాలి. పది నయాపైసలు వేసినా పెద్ద దోషం కాదు. రూపాయి పావలా చెబితే అది దోపిడీ. ఇంకో రకం మోసం దీనికన్నా మెత్తనిది. ధర మీటరుకు చెప్పడం, కొలిచేది పాత గజం కడ్డీతో. మీటరు కడ్డీమీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. కొనేవాడికి ముద్ర చూసే అలవాటు ఉంటేగదా! పది మీటర్లకు డబ్బు తీసుకుని పది గజాలు చించితే తేడా దాదాపు 34 అంగుళాలు. సరిగ్గా ఒక రవికె గుడ్డ. ఏడాదికి ఇంటిల్లిపాదికీ ఒక్కసారి, పెద్ద పండక్కో ఉగాదికో గుడ్డ తీసే మెట్టప్రాంతపు ఇళ్ళలో ఆ రవికె గుడ్డ ఎవరికి తగ్గేదో చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్ళకే తగ్గేది.

గుడ్డ ఇలా మారుతుంటే దర్జీ ఏం చేశాడు? ఏమీ చేయలేదు. ఊళ్ళో మిషను కుట్టే సాయిబుగారు ఒకాయన మా అమ్మతో అన్న మాటలు నాకు బాగా జ్ఞాపకం. "అమ్మా, కొట్టోళ్ళు మీటర్లంటున్నారు, నా చేతికి అంగుళాలే వస్తాయి. నువ్వు గుడ్డ తెచ్చి ఈడ పరువు. సరిపోద్దో లేదో నేను చెప్తా." ఆయన గుడ్డను బల్లమీద పరిచి జానలతో కొలిచి, "ఇద్దరు పిల్లోళ్ళకు లాగులు వస్తాయి, చొక్కా ఒకటే వస్తది" అని తేల్చేవాడు. ఆ తరవాత "పెరిగే పిల్లోడు గదమ్మా, రెండంగుళాలు లోపలికి మడిచి కుడతా, వచ్చే ఏడు విప్పుకోవచ్చు" అనేవాడు. ఆ రెండంగుళాల మడత విలువ కరువు చూసిన ప్రతి ఇంటికీ తెలుసు.

చట్టం దర్జీని ముట్టుకోకపోవడానికి కారణం తేలికే. తూనికలు కొలతల చట్టం అమ్మకాన్ని చూస్తుంది. దర్జీ అంగుళాలు అమ్మడు. కుట్టుకూలి చొక్కాకింత, లాగుకింత అని తీసుకుంటాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ముద్ర వేయడానికి అక్కడ కడ్డీ లేదు, టేపు మాత్రమే ఉంది. ఆ టేపుకు ఒకవైపు 60 అంగుళాలు, రెండోవైపు 150 సెంటీమీటర్లు ఉంటాయి. రెండో వైపు చాలామంది దర్జీలు జీవితంలో చూడరు. 1976లో కొత్త చట్టం వచ్చింది, 2011 ఏప్రిల్‌నుంచి 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చింది. ఏది వచ్చినా టేపు అదేవైపు తిరిగి ఉంది.

అంతమాత్రాన దర్జీలది మొండితనమనే మాట నేను ఒప్పుకోను. దర్జీ పని అంతా మడతల మీద నడుస్తుంది. గుడ్డను రెండు మడతలు, నాలుగు మడతలు వేసి కత్తిరిస్తాడు. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9, దానికి వదులు అంగుళమో అంగుళంన్నరో కలిపి సుద్దతో గీస్తాడు. అంగుళాన్ని సగం చేస్తే అర, మళ్ళీ సగం చేస్తే పావు. రూపాయికి పదహారణాల లెక్కలో పెరిగిన చేతులకు ఆ సగాలు నోటి లెక్క. అదే ఛాతీని 91 సెంటీమీటర్లని రాస్తే నాలుగో వంతు 22.75. ఆ లెక్క చేయడం కష్టమని కాదు. తల వంచి మిషను తొక్కుతూ, ఎదురుగా ఇద్దరు గిరాకీలతో మాట్లాడుతూ చేసే లెక్క కాదది. పైగా పని గురువు దగ్గర నేర్చుకున్నది. ఛాతీకింత ఉంటే చంక దగ్గర లోతు ఇంత, మెడకింత అని అంగుళాల్లో కంఠస్థం చేసిన సూత్రాలు. ఒక అంకె మారిస్తే సూత్రమంతా మార్చుకోవాలి. పాత చొక్కాల కొలతలు రాసుకున్న పుస్తకం కూడా పనికిరాకుండా పోతుంది. బియ్యం కొట్టువాడికి రాళ్ళు మార్చుకుంటే చాలు. దర్జీకి అలా కాదు.

ఆడవాళ్ళ రవికెల సంగతి మరీ విచిత్రం. అక్కడ మీటరూ లేదు, అంగుళమూ లేదు. మగ దర్జీ చేత ఒంటి కొలత తీయించుకోవడం మన వైపు మర్యాద కాదు. సరిపోయిన పాత రవికె ఒకటి గుడ్డతోపాటు పంపేవారు. దాన్ని "ఆది" అంటారు. నేటికీ అది నడుస్తూనే ఉంది. ఆది రవికె పెట్టి, "దీనికన్నా నడుం దగ్గర వేలెడు వదులు, చేతులు బెత్తెడు పొడుగు" అని చెబితే దర్జీకి చాలు. ఆ వేలు ఎవరి వేలని ఎవరూ అడగలేదు. వెయ్యేళ్ళనాటి కొలత అలా రవికె చేతిలో బతికింది. ఇప్పుడు విదేశాల్లో ఉన్న మన ఆడపిల్లలు రవికెలు ఇక్కడే కుట్టించుకుంటున్నారు. అమెరికాలో నేటికీ అంగుళాలే కనుక అక్కడివారు ఫోనులో కొలతలు చెబితే మన ఊరి దర్జీ నేరుగా రాసుకుంటాడు. సెంటీమీటర్లు చెప్పే దేశాలవారికే ఆది పంపాల్సిన అవసరం పడుతోంది.

ఇక పన్నా గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే కొనేవారు నష్టపోయేది ఇక్కడే. పొడవు మీటర్లలో కొలిచేటప్పుడు మన కళ్ళెదుట కొలుస్తారు. వెడల్పు ఎవరూ కొలవరు, నోటితో చెప్పేస్తారు. 36 పన్నా పాప్లిన్ అయితే నిండు చేతుల చొక్కాకు రెండుంపావు మీటర్లు కావాలి. 58 పన్నా అయితే మీటరున్నరమీద పది సెంటీమీటర్లు చాలు. లావుపాటి మనిషైతే రెండింటికీ కాస్త కలపాలి. ఉదాహరణకు మీటరు 100 రూపాయల 36 పన్నా గుడ్డా, మీటరు 120 రూపాయల 44 పన్నా గుడ్డా ఎదుట పెడితే మనం వంద రూపాయలదే చౌక అనుకుంటాం. వెడల్పుతో భాగించి చూస్తే మొదటిది అంగుళానికి 2 రూపాయల 78 పైసలు, రెండోది 2 రూపాయల 73 పైసలు. ఎక్కువ ధర చెప్పినదే చౌక. ఒక కొలత పదుల్లోనూ ఒక కొలత పన్నెండుల్లోనూ ఉన్నప్పుడు ఈ లెక్క కొట్టులో నిలబడి ఎవరు వేస్తారు? కొట్టు గుమాస్తాకు తెలుసు, దర్జీకి తెలుసు. తెలియనిది మధ్యలో డబ్బిచ్చేవాడికే.

ఆఫీసుల్లో కూడా ఈ తేడా ఎలా పనిచేసేదో ఒక ఉదాహరణ. 1970ల చివర నేను పనిచేసిన ఒక కార్యాలయంలో అటెండర్లకు కోటుకూ ప్యాంటుకూ కలిపి మనిషికి 6 గజాలని ఎప్పటిదో పాత ఆర్డరు ఉండేది. ఒక ఏడు కాంట్రాక్టరు మనిషికి 6 మీటర్ల చొప్పున, మీటరు రేటుతో బిల్లు పెట్టాడు. స్టాకు రిజిస్టరులో ఎక్కించేముందు ఒక అటెండరు వచ్చి, "సార్, దర్జీ గుడ్డ చాలదంటున్నాడు, చేతులు పొట్టివి కుట్టాలంట" అన్నాడు. పక్క వీధి కొట్టునుంచి ముద్ర ఉన్న మీటరు కడ్డీ తెప్పించి బల్లమీద కొలిపించాను. వచ్చింది 5 మీటర్ల 48 సెంటీమీటర్లు, అంటే అచ్చంగా ఆరు గజాలు. కాంట్రాక్టరు జవాబు "ఆర్డరులో గజాలనే ఉందిగదండీ" అని. గుడ్డకు పాత ఆర్డరు, డబ్బుకు కొత్త కొలత! మనిషికి ఇరవై అంగుళాలు, ముప్పై మందికి పదిహేను మీటర్ల పైన. బిల్లు ఆపి నోట్ పెట్టాను. మిగతా గుడ్డ వారం లోపల వచ్చింది. "కొలత సరిచూసి స్టాకులో ఎక్కించడమైనది" అని మనం రాసే సర్టిఫికెట్టు ఉందే, అందులో అటెండరు చొక్కా చేతులు ఉంటాయన్న సంగతి ఆ రోజు మా సెక్షనులో అందరూ చూశారు. కనిపెట్టింది మాత్రం నేను కాదు, దర్జీ. ఆయన అంగుళాల లెక్కకు అందకే ఆ మోసం బయటపడింది.

చీరల మాట. ఆరు గజాల చీర అని ఇప్పటికీ అంటున్నాం. ఆరు గజాలంటే 5.49 మీటర్లు కనుక నేతగాళ్ళు, మిల్లులు దాన్ని అయిదున్నర మీటర్లుగా స్థిరపరచుకున్నారు. జాకెట్టు గుడ్డ కలిసి ఉంటే 6.20, 6.30 మీటర్లు. నాలుగు గజాల పంచె 3.60 మీటర్ల పంచె అయింది. ఇందులో అయిదారు సెంటీమీటర్లు ఎటుపోయాయో ఎవరూ అడగలేదు. నూలు లెక్క ఇంకా పాతదే. చీరాల వైపు మగ్గాల దగ్గర 40 నెంబరు, 80 నెంబరు, 100 నెంబరు నూలంటారే, ఆ నెంబరుకు అర్థం పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయని. పౌను పోయింది, గజం పోయింది, నెంబరు ఉంది. మిషను సూది పెట్టెమీద 14/90, 16/100 అని రెండు అంకెలు ఉంటాయి. 90 అంటే సూది మందం మిల్లీమీటరులో నూటికి 90 వంతులు. మొదటిది పాత పద్ధతి అంకె. దర్జీ అడిగేది "పద్నాలుగో నెంబరు సూది" అనే.

రెడీమేడ్ బట్టలు వచ్చాక ఈ కలగలుపు ఇంకా ముదిరింది. కొట్టులో చొక్కా సైజు 39, 40, 42, 44 అని ఉంటుంది. అవి మెడపట్టీ సెంటీమీటర్లు. ప్యాంటుకు 32, 34 అనేవి నడుము అంగుళాలు. ఒకే మనిషి పైన మెట్రిక్, కింద ఇంగ్లీషు. మనలో చాలామంది 40 సైజు చొక్కా అంటే 40 అంగుళాల ఛాతీ అనుకుంటారు. మెడ 40 సెంటీమీటర్లున్నవాడి ఛాతీ కూడా తరచు 40 అంగుళాల దగ్గర్లోనే ఉంటుంది కనుక ఆ పొరపాటు బయటపడదు. మన దేశపు మనుషుల ఒంటి కొలతలకు సొంత సైజుల పట్టిక ఉండాలని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ ద్వారా ఆరు నగరాల్లో పాతికవేలమందిని యంత్రాలతో కొలిచే పథకాన్ని 2018లో ప్రకటించారు. వాటిలో హైదరాబాదు ఒకటి. మంచి పనే. ఈ కరువు మెట్టల రైతుకూలీ ఒళ్ళు, నగరంలో మనిషి ఒళ్ళు ఒక్క కొలతలో ఉంటాయా అనే సందేహం మాత్రం నాకుంది.

ఊరి దర్జీకి ఆఖరి పెద్ద గిరాకీ బడిపిల్లల యూనిఫారాలే. 2020లో విద్యాకానుక పేరుతో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు మూడు జతల గుడ్డ, కుట్టుకూలి ఇవ్వడం మొదలయింది. గుడ్డ వచ్చేది మీటర్లలో, కుట్టేది అంగుళాల్లో. కుట్టేవారిలో ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. పొదుపు సంఘాలవారు, టైలరింగ్ పరీక్షలు రాసినవారు ఉన్నారు. బడిలో వారు చదివింది సెంటీమీటర్లు, మిషను దగ్గర నేర్చుకున్నది అంగుళాలు. ఆ రెండింటిమధ్య వారికి ఇబ్బంది ఉన్నట్టు నాకు కనిపించలేదు. మా వీధిలో మిషను కుట్టే అమ్మాయిని అడిగితే, "గుడ్డ కొనేటప్పుడు మీటరు తాతా, కోసేటప్పుడు అంగుళం, దాంట్లో ఏముంది" అంది. టేపు రెండు వైపులా చదవగలిగిన దర్జీని మా ఊళ్ళో చూడడం నాకు అదే మొదలు.

మిత్రులకు ఒక మనవి. పాత ఇత్తడి గజం కడ్డీ, ముద్రలున్న తొలినాటి మీటరు కడ్డీ, దర్జీలు కొలతలు రాసుకున్న పాత పుస్తకాలు మన సభ్యుల ఇళ్ళల్లో ఎవరి దగ్గరైనా ఉంటే సంఘ కార్యాలయానికి తెలియజేయండి. కడ్డీ అయితే దానిమీది ముద్రలో కనబడే సంవత్సరం రాసి పంపినా చాలు. మన ప్రాంతంలో ఏ కొట్టుకు మీటరు ఏ ఏడు వచ్చిందో దానివల్ల తెలుస్తుంది.